పోచారంలో ఒక భోజనాల గది

ఉప్పల్‌లో మెట్రో దిగి వరంగల్ వైపు వెళ్ళే బస్సెక్కితే పోచారం పదిహేను కిలోమీటర్ల లోపే. బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి, నారపల్లి, జోడిమెట్ల ఒకదానిలో ఒకటి కలిసిపోయి వస్తాయి. ఎక్కడ ఒక ఊరు ముగిసి మరొకటి మొదలయిందో దుకాణాల బోర్డుల మీది చిరునామాలు చదివితే తప్ప తెలియదు. పోచారం ఒకప్పుడు ఘట్‌కేసర్ మండలంలో పొలాల నడుమ ఉన్న పల్లె. ఇన్ఫోసిస్ సంస్థ ఇక్కడ తన విశాలమైన ప్రాంగణాన్ని కట్టుకుంది. జనం సింగపూర్ టౌన్‌షిప్ అని పిలుచుకునే సంస్కృతి టౌన్‌షిప్ వెలిసింది. చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి. రాత్రి పదకొండింటికి విధులకు వెళ్ళేవారూ, తెల్లవారుజామున ఇల్లు చేరేవారూ ఒకే లిఫ్టులో ఎదురుపడే ఊరయింది.

ఈ దారి పొడవునా ఒక చిత్రం గమనించవచ్చు. పొలాలు తరిగిన కొద్దీ పొలం బొమ్మలు పెరిగాయి. రహదారి పక్క భోజనశాలల్లో తాటాకు చూరు, మట్టి పూసినట్టు రంగు వేసిన సిమెంటు గోడ, గోడకు ఆనించిన బండి చక్రం, వెలుతురుకన్నా నీడనే ఎక్కువ ఇచ్చే లాంతర్లు, నులక మంచం, దాని మీద అడ్డంగా వేసిన పలకపై పళ్ళేలు కనిపిస్తాయి. తలపాగా చుట్టిన రైతు బొమ్మ గుమ్మం దగ్గర నిలబడి నమస్కరిస్తూ ఉంటుంది. లోపల కుటుంబాలు ఫొటోలు తీసుకుంటాయి. అన్నం బాగానే ఉంటుంది, ధర పల్లెలో ఉన్నట్టు ఉండదు. హలాల్ విషయమూ, మద్యం వడ్డించే విషయమూ లోపలికి వెళ్ళకముందే అడిగి తెలుసుకోవడం మంచిది. పల్లె వేషం వేసుకున్న ప్రతి చోటా పల్లె మర్యాద ఉండదు.

పోచారంలో ఉంటున్న మా ఖాలా కొడుకు, మాకందరికీ చిన్న తమ్ముడు, తన కొత్త ఇంట్లో భోజనాల గదిని సరిగ్గా ఇలాంటి తీరులోనే అలంకరించుకోవాలని అనుకున్నాడు. ఆ కుటుంబంలో ఐదుగురు. తమ్ముడు, మరదలు, ఇద్దరు పిల్లలు, నల్గొండ జిల్లా పల్లెలో ఇల్లు మూసి కొడుకు దగ్గరకు వచ్చిన ఖాలా. ఒక అలంకరణ నిపుణుడు వేసిచ్చిన నమూనాలో తెల్లరంగు వేసిన పొడవాటి బల్ల, రెండు వైపులా బెంచీలు, ఒక గోడంతా పాత చెక్క పలకలు, మరో గోడకు బండి చక్రం, ఒక మూల సారా పీపా ఆకారంలో అలమర ఉన్నాయి. అంచనా తమ్ముడి మూడు నెలల జీతానికి దగ్గరగా ఉంది. “ఆపా, ఒకసారి వచ్చి చూడండి” అని పిలిచాడు.

ఆ నమూనాలో చాలా భాగం ఈ గడ్డది కాదు. అమెరికాలో 2013లో మొదలయిన ‘ఫిక్సర్ అప్పర్’ అనే టెలివిజన్ కార్యక్రమం టెక్సాస్ రాష్ట్రంలోని వాకో పట్టణం చుట్టుపక్కల పాత ఇళ్ళను బాగుచేసి చూపించేది. రైతు ఇంటి తీరు అని ఇవాళ ప్రపంచమంతా అనుకరిస్తున్న తెల్ల గోడలు, గరుకు చెక్క, జారుడు కొట్టపు తలుపు, ఇనుప దీపాలు ఆ కార్యక్రమం వల్లే ఎక్కువగా ప్రచారంలోకి వచ్చాయి. అక్కడి రైతు కొట్టంలో గడ్డి, ధాన్యం, గుర్రాలు ఉండేవి. ఆ కొట్టాలు కూలినప్పుడు మిగిలిన చెక్కతో వారు బల్లలు చేసుకున్నారు. అందులో అర్థం ఉంది. మనకు కూలిన కొట్టం లేదు, కూలిన మండువా ఇల్లు ఉంది. పాత కలప కావాలంటే మనకు మన పాత తలుపులే ఉన్నాయి.

బండి చక్రం సంగతి ఖాలాయే తేల్చేశారు. గోడకు చక్రం పెడతామని మనవడు సంబరంగా చెప్పగా విని, కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత, “మన బండి చక్రం విరిగిన ఏడాది వడ్లు ఇంటికి చేరలేదు బేటా. మీ తాత రెండు రోజులు అన్నం ముట్టలేదు. దాన్ని చూస్తూ నేను ముద్ద ఎలా మింగను?” అన్నారు. నల్లతుమ్మ కలపతో చేసి, చుట్టూ ఇనుప పట్టా ఎర్రగా కాల్చి బిగించే ఆ చక్రం ఒక కుటుంబపు ఆస్తి, ఒక వడ్రంగి ఒక కమ్మరి కలిసి చేసిన పని. పల్లెను అనుభవించినవారికీ, బొమ్మలో చూసినవారికీ అది ఒకేలా కనిపించదు. చక్రం అక్కడితో ఆగిపోయింది.

అయితే అసలు సమస్య గోడ మీద లేదని ఆ ఇంట్లో రెండు పూటలు గడిపాక అర్థమయింది. తమ్ముడు రాత్రి విధుల వల్ల మధ్యాహ్నం మూడింటికి తింటాడు. పిల్లలు టీవీ ముందు తింటారు. మరదలు వంటింటి గట్టు దగ్గర నిలబడే కానిచ్చేస్తుంది. ఖాలా మోకాళ్ళ నొప్పితో కింద కూర్చోలేరు. తన గదిలో మంచం అంచున కూర్చుని, స్టూలు మీద పళ్ళెం పెట్టుకుని ఒంటరిగా తింటారు. ఐదుగురున్న ఇంట్లో నాలుగు చోట్ల భోజనం. పల్లెలో పద్నాలుగు మందికి ఒకే దస్తర్‌ఖాన్ పరిచిన మనిషి ఆమె.

ఇందులో ఎవరినీ తప్పుబట్టలేము. కలిసి తిన్నా, విడివిడిగా తిన్నా దోషం లేదని దివ్య ఖుర్ఆన్ నూర్ అధ్యాయంలోని 61వ ఆయత్ స్పష్టం చేసింది. రాత్రి ఉద్యోగం చేసేవాడిని మధ్యాహ్నం ఒంటిగంటకు లేపడం ధర్మం కాదు. కాని ఎంత తిన్నా కడుపు నిండడం లేదని సహాబాలు మొరపెట్టుకున్నప్పుడు, బహుశా మీరు విడివిడిగా తింటున్నారేమోనని దైవప్రవక్త (స) అడిగారు. అల్లాహ్ పేరు తలచుకుని కలిసి తినమన్నారు, అందులో శుభం ఉంటుందన్నారు. అబూ దావూద్ గ్రంథంలోని హదీసు ఇది. రోజుకు ఒక్క పూటయినా, అందులోనూ అందరూ మేల్కొని ఉండే రాత్రి ఎనిమిదింటి పూట, ఐదుగురినీ ఒకచోట చేర్చగలిగితేనే ఆ గదికి పెట్టే ఖర్చుకు సార్థకత. మా మాటలు అక్కడి నుంచి దారి మళ్ళాయి.

బల్లా, దస్తర్‌ఖానా అన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. దైవప్రవక్త (స) ఎత్తయిన బల్ల మీద ఎన్నడూ భుజించలేదని, నేల మీద పరిచే సుఫ్రా మీదే భుజించేవారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం బుఖారీలో ఉంది. నేల మీద తినడంలో ఉన్న వినయం, సౌలభ్యం మనకు తెలియనివి కావు. అయితే ఆ ఉల్లేఖనం ఆయన అలవాటును తెలుపుతుంది గాని బల్లను నిషేధించదని ఉలమా వివరిస్తూ వచ్చారు. మోకాళ్ళు వంగని తల్లిని ఒంటరిగా మంచం మీద కూర్చోబెట్టి మిగిలినవారు నేల మీద సున్నత్ పాటిస్తున్నామనుకోవడం సబబుగా తోచదు. ఖాలా కోసం బల్ల కావాలి. అతిథుల కోసం, పిల్లలు నేర్చుకోవడం కోసం దస్తర్‌ఖాన్ కావాలి. ఒకే గదిలో రెండింటికీ చోటు చేయడమే మా పని అయింది.

పిల్లల మాట ఎందుకంటే, బాలుడిగా ఉన్న ఉమర్ బిన్ అబీ సలమా (రజి) చెయ్యి పళ్ళెమంతా తిరుగుతుంటే దైవప్రవక్త (స) ప్రేమగా మూడు సంగతులు నేర్పారు: బిస్మిల్లాహ్ అనడం, కుడిచేత్తో తినడం, తన ముందున్న భాగం నుంచే తినడం. మొదటి రెండూ ఎవరి పళ్ళెంలో వారు తింటున్నా అలవడతాయి. మూడోది అలవడాలంటే నలుగురూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చోవాలి. పక్కవాడి వాటా మీదికి చెయ్యి పోకుండా ఆగడం ఆ పళ్ళెమే నేర్పుతుంది.

ఇదే విషయాన్ని నగరం మరో దారిలో గుర్తుచేసుకుంటోంది. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ హద్రమౌత్ ప్రాంతపు అరబ్బుల వారసులు నివసించే బార్కస్‌లో మందీ భోజనం ఉంది. బ్యారక్స్ అన్న మాటే నోట్లో నలిగి బార్కస్ అయిందంటారు. అక్కడి మందీ ఇప్పుడు నగరం నలుమూలలా దొరుకుతోంది. తివాచీ పరిచిన చిన్న అరుగు మీద నలుగురు ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుంటారు. మన పెళ్ళిళ్ళలో పొట్టి చౌకీల వరుసలకు ఇరువైపులా కూర్చుని తినే పద్ధతి ఎంతో కాలంగా ఉన్నదే. ఇంట్లో దస్తర్‌ఖాన్ మడిచి అటక మీద పెట్టినవారు, అదే అనుభవానికి వారాంతంలో డబ్బు చెల్లించి వరుసలో నిలబడుతున్నారు. దీన్ని ఎగతాళి చేయాలని లేదు. ఆకలి ఎక్కడ ఉందో అది చూపుతోంది.

కలప వేటలో మొదట పాతబస్తీ వైపు, పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజారుకు వెళ్ళాము. పేరుకు తగ్గట్టు గురువారం నాడు సాగే సంత. గొళ్ళాలు, తాళాలు, గడియారాలు, ఇత్తడి కూజాలు, ఎవరి ఇంటి నుంచో వచ్చిన గ్రామఫోను గొట్టాలు నేల మీద పరచి ఉంటాయి. చూడటానికి కన్నుల పండుగే. కాని వస్తువు ఎలా వచ్చిందో చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనకూడదని ముందే నిర్ణయించుకున్నాము. దొంగసొత్తు అనుమానం ఉన్న లాంతరు వెలుగులో హలాల్ అన్నం తినడం ఎందుకు? తండ్రి దుకాణమని చెప్పి వివరాలు ఇచ్చిన ఒకాయన దగ్గర రెండు లాంతర్లు మాత్రం తీసుకున్నాము. బల్లకు కావలసిన టేకు తలుపు రెక్క, కూల్చిన ఇళ్ళ కలప అమ్మే మరో దుకాణంలో దొరికింది. ఆరడుగులకు కొద్దిగా ఎక్కువ. ఒక మూల చెద తిన్న గుర్తు. వడ్రంగి ఆ మూల కోసేసి, మిగిలింది గోటితో గీకి చూసి, మంచిదన్నాడు.

పాత తలుపు కొనేవారు ఒక జాగ్రత్త మరువకూడదు. పాతకాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని ఇంట్లో, పిల్లల ముందు గరుకు కాగితంతో రుద్దించకూడదు. ఆరుబయట, సన్నని ధూళిని ఆపే మాస్కు పెట్టుకుని, రాలిన పొడిని తడిపి ఎత్తివేయాలి. మేకులన్నీ పీకించాలి. పలకల సందుల్లో మెతుకులు చేరి చీమలు పడతాయి గనుక సందులు పూడ్పించాలి. ఫొటోల్లో ఆ సందులు అందంగానే ఉంటాయి. మన పప్పూ పులుసూ వాటిని ఒక్క వారంలో లొంగదీస్తాయి. తెల్లరంగు బల్ల ఆలోచన కూడా పసుపు దెబ్బకు నిలిచేది కాదు, ముదురు టేకే మేలనుకున్నాము. పై పలకగా షాబాదు బండ వేయిస్తే ఎలా ఉంటుందని మరదలు అడిగింది. తాండూరు వైపు నుంచి వచ్చే ఆ బండలు మన పాత ఇళ్ళ నేలకు ప్రాణం, ఎండాకాలం పాదానికి చల్లన. కాని అది సున్నపురాయి. చింతపండు పులుసో నిమ్మరసమో పడి కాసేపు నిలిస్తే మచ్చ పడుతుంది. అందుకే నేలకు షాబాదు బండ, బల్లకు టేకు అని తేలింది. బల్ల కాళ్ళు నాచారం పారిశ్రామికవాడలో ఇనుప పనివారి చేత చేయించాము. మడిచే వీలున్న కాళ్ళు కావాలంటే మొదట అతను ఒప్పుకోలేదు. బరువుకు కీలు నిలవదన్నాడు. చివరకు మడత బదులు చక్రాలు బిగించి, తాళం వేసే ఏర్పాటు చేశాడు.

కొలతల దగ్గర అలంకరణకన్నా లెక్కే ముఖ్యం. మనిషికి బల్ల అంచు వెంట రెండడుగులు కావాలి. ఆరడుగుల బల్లకు వైపుకు ముగ్గురు, రెండు కొసల్లో ఇద్దరు, మొత్తం ఎనిమిది మంది. కూర్చున్నవారి వెనుక నడవడానికి మూడడుగుల జాగా వదలాలి. అపార్టుమెంటు గదిలో అన్ని వైపులా అంత జాగా దొరకదు కాబట్టి గోడ వైపు బెంచీ వేస్తే అక్కడ నడిచే దారి అవసరం ఉండదు. బెంచీకి మరో గుణం ఉంది. కుర్చీ ఒక్కరికే. బెంచీ మీద కాస్త జరిగితే ఇంకొకరికి చోటు. ఇద్దరి ఆహారం ముగ్గురికి సరిపోతుందన్న హదీసు విన్న ఇంటికి బెంచీ బాగా నప్పుతుంది. ఖాలాకు మాత్రం చేతులున్న, వీపు ఆనే కుర్చీ. పట్టుకుని లేవడానికి చేతులు తప్పనిసరి. ఆ కుర్చీని వంటింటి వైపు కొసలో వేశాము. గిన్నె మొదట ఆమె దగ్గరే ఆగుతుంది, అక్కడి నుంచే బయలుదేరుతుంది.

దీపం బల్లకు ముప్పై అంగుళాల ఎత్తున వేలాడితే ఎదుటివారి ముఖం దాచదు, కంట్లో పొడవదు. బల్బు పసుపు ఛాయ ఇచ్చేది, డబ్బా మీద 2700 కెల్విన్ అని ఉంటుంది. కొన్న లాంతర్లలో అవే బిగించాము. వంటిల్లు నేరుగా భోజనాల గదిలోకి తెరుచుకునే ఇల్లు గనుక బంధువులు కానివారు వచ్చినప్పుడు ఆడవారికి ఇబ్బంది లేకుండా, తలుపుకు జతగా దొరికిన రెండో రెక్కను నిలువు తెరలా మధ్యన నిలబెట్టాము. నిపుణుడి నమూనాలో అది లేదు. పాశ్చాత్య రైతు ఇంటి తీరులో వంటిల్లు బాహాటంగా ఉండటమే అందం. సారా పీపా అలమర సంగతి వేరే చెప్పనవసరం లేదు.

గోడలకు ఏం పెట్టాలన్నది కొద్దిసేపు నడిచిన చర్చ. తలపాగా రైతులు, ఎద్దులు, కోళ్ళ బొమ్మలు ఈ తీరులో విరివిగా వాడతారు. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలున్న తెర వేలాడదీసినప్పుడు దైవప్రవక్త (స) అయిష్టం చూపారని, ఆమె ఆ గుడ్డను చింపి దిండ్లుగా మార్చుకున్నారని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఆ గుడ్డ వృథా కాలేదన్నది గృహిణులు గుర్తించే విషయం. మా గదిలో ఒక గోడ ఖాళీగానే ఉంది. రెండో గోడకు ఖాలా తెచ్చుకున్న వెదురు చేట, జల్లెడ ఉన్నాయి. అవి అలంకారానికి వేలాడదీసినవి కావు. శుక్రవారం బియ్యం చెరగడానికి ఆమె కిందకు తీస్తారు.

అదే రహదారి మీద ముందుకు పోతే జనగామ దగ్గర పెంబర్తి. ఇత్తడి పనికి పేరున్న ఊరు. ఇప్పుడు అక్కడ గోడ పలకలు, జ్ఞాపికలే ఎక్కువ. చేతులు కడిగించడానికి వాడే ఆఫ్తాబా, చిలంచి జత మా అమ్మమ్మ ఇంట్లోది, చీకటి గదిలో నల్లబడి ఉండగా తీసి తోమించాము. వంటకు, పులుపుకు ఇత్తడి వాడితే కళాయి తప్పనిసరి. ఒకప్పుడు వీధి వీధీ తిరిగి కళాయి పోసినవారిలో మన కుటుంబాలవారు ఎందరో. ఇప్పుడు అలాంటి చెయ్యి ఒకటి దొరకడానికి ఉప్పల్ చుట్టుపక్కల మూడు రోజులు తిరిగాడు తమ్ముడు. దొరికిన వృద్ధుడు ఆకురాయి, నవాసాగరం, దూది ముందుంచుకుని కూర్చుని, ఎర్రగా కాగిన గిన్నెలో తగరం పూస్తుంటే పిల్లలు టీవీ వదిలి బాల్కనీలోకి వచ్చి నిలబడ్డారు.

దర్రీ కోసం వరంగల్ దాకా వెళ్ళాము. కొత్తవాడ మగ్గాల మీద నేసే దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ నగరపు తివాచీలు 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో నిలిచినవి. గీతలు, వజ్రాకారాలు, మెట్ల అంచులే వాటి సొగసు. ప్రాణుల బొమ్మలు లేనివి వెదుక్కోవలసిన పని లేదు. నేతగాడు ఆరడుగుల వెడల్పుకు తొమ్మిదడుగుల పొడవు చూపించాడు. మరదలు ఇంకొకటి, చిన్నది, గోడకు వేయడానికి తీసుకుందామంది. సహీహ్ ముస్లింలో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన పరుపుల హదీసును తమ్ముడు గుర్తుచేశాడు: ఒకటి భర్తకు, ఒకటి భార్యకు, మూడోది అతిథికి, నాలుగోది షైతానుకు. నవ్వుకుని ఒక్కటే కొన్నాము. అయినా అంచనా వేసినదానిలో మూడో వంతు కూడా కాలేదు.

దర్రీ ఉండేది బెంచీ పెట్టెలో, దస్తర్‌ఖాన్ మడత కింద. రోజూ రాత్రి ఐదుగురూ బల్ల దగ్గరే తింటారు. తమ్ముడు అప్పుడే లేచినవాడిలా కళ్ళు నులుముకుంటూ వచ్చినా వస్తాడు. అతిథులు ఎనిమిది మందిని దాటితే చక్రాల తాళం తీసి బల్లను గోడకు నెడతారు. మొదటిసారి అలా నెట్టినది రమజాన్ రెండో శుక్రవారం. పదకొండు మంది ఇఫ్తారుకు కూర్చున్నారు. ఖాలా తన కుర్చీలోనే, దస్తర్‌ఖాన్ కొసన, మనవరాలిని కాళ్ళ దగ్గర కూర్చోబెట్టుకుని ఖర్జూరాల పళ్ళెం కిందికి అందించారు. తరువాత దర్రీ దులపడానికి ఇద్దరు చెరో అంచూ పట్టుకోవలసి వచ్చింది. అది అంత బరువుంటుంది. కింది అంతస్తువారి బట్టలు ఆరవేసి ఉన్నాయేమో ముందు చూసుకుని మరీ దులపాలి.